గామాకిరణముల ధ్రువణ మాపనము: వాల్తేరు మొదలు శ్రీహరికోట వరకు

1931వ సంవత్సరమున తెలుగువారి విజ్ఞానచరిత్రకు సంబంధించిన విశేషములు రెండు జరిగినవి. తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5వ తేదీన జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ యేట ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఉపాధ్యక్షులైరి. ఆ యేటనే కలకత్తాలో చంద్రశేఖర వేంకట రామన్ గారును, వారి శిష్యులును తెలుగువారును అగు సూరి భగవంతం గారును కలిసి, ఫోటానుకు ఆత్మభ్రమణము కలదని ప్రయోగపూర్వకముగా నిరూపించు పత్రమొకటి ప్రకటించిరి. మఱుసటి యేడు భగవంతం గారు వాల్తేరు చేరి భౌతికశాస్త్రశాఖలో ప్రవేశించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదిమూడేండ్లు దాటలేదు.

ఈ రెండు విశేషములను ఒకచోట చేర్చి చెప్పుటకు కారణము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడినది. దాని తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి గారు చిత్తూరు జిల్లావారు. వారి తరువాత వచ్చిన రాధాకృష్ణన్ గారు పుట్టిన తిరుత్తణి, దాని పొరుగుననున్న పళ్లిపట్టు, పొదటూరుపేట ప్రాంతము, 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినది మొదలు 1960 మార్చి నెలాఖరు వరకు ఆ జిల్లాలోనివే. పటాస్కరు గారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిల్ 1వ తేదీన ఇవి మదరాసు రాష్ట్రమున చేరినవి. నేడు తిరువళ్లూరు జిల్లాలో నున్నవి. సరిహద్దు మారినంత మాత్రమున జరిగిన చరిత్ర మారదు. సముద్రతీరమున, ఈ సీమకు ఎంతో దూరమున నెలకొన్న యొక విశ్వవిద్యాలయమును దాని మొదటి ఇరువదిమూడేండ్లలో అత్యధికకాలము నడపినవారు ఈ దక్షిణపు టంచునుండి వెళ్లిన యిరువురు. ఒకరు సాహిత్యవేత్త, మఱొకరు తత్త్వవేత్త. అయినను వారి హయాములో అక్కడ విజ్ఞానశాస్త్రము వేళ్లూనుకొన్నది. జయపుర సంస్థానాధీశులు విక్రమదేవవర్మ గారు ఏటేట లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన విరాళము ఆ వేళ్లకు నీరైనది.

ఇక ధ్రువణమన నేమో తెలిసికొనవలెను. పొదటూరుపేట నేతవారికి ఇది చెప్పుట కష్టము కాదు. మగ్గముమీద పడుగు దారములు ఒక దిక్కున సాగును. పేక దానికి అడ్డముగా పోవును. కాంతి ముందునకు సాగుచున్నప్పుడు దాని విద్యుత్ క్షేత్రము ఆ ప్రయాణమార్గమునకు లంబముగా కంపించును. ఆ కంపనము పడుగు దిక్కుననో, పేక దిక్కుననో, రెంటి నడుమ ఏటవాలుగనో ఉండవచ్చును. ఎల్ల దిక్కులను సమానముగా కంపించినచో ఆ కాంతి ధ్రువణము లేనిది. ఒకే దిక్కును పట్టుకొని కంపించినచో అది ధ్రువితమైనది. కంటికి కనబడు వెలుగు విషయములో దీనిని పరీక్షించుట సులభము. పోలరాయిడు పలుక నొకదానిని అడ్డముపెట్టి త్రిప్పినచో వెలుగు హెచ్చుచు తగ్గుచు నుండును. రామన్, భగవంతం గారలు చేసినది కనబడు కాంతితోనే. ద్రవములలో చెదరి వచ్చిన కాంతి ధ్రువణము ఏ మేరకు మారినదో కొలిచి, ఫోటానుకు ఆత్మభ్రమణము కలదని వారు తేల్చిరి.

గామాకిరణములును కాంతియే. కాని వాని తరంగము అణువుల మధ్యనుండు ఎడముకంటె మిక్కిలి పొట్టిది. వానిని వడగట్టగల పలుక లోకములో లేదు. అందుచేత గామాకిరణము పడుగా పేకా యని తెలిసికొనుటకు వేఱొక ఉపాయము కావలసివచ్చెను. ఈ వ్యాసమున చెప్పబడునది ఆ ఉపాయముయొక్క చరిత్ర.

1923లో ఆర్థర్ కాంప్టన్, ఎలక్ట్రానుతో తాకుడుపడిన ఎక్స్‌కిరణము కొంత శక్తిని పోగొట్టుకొని వేఱు దిక్కునకు మరలునని కనిపెట్టెను. 1929లో ఆస్కార్ క్లైను, జపాను దేశీయుడైన యొషియో నిషినా కలిసి ఆ మరలుట ఏ దిక్కునకు ఎంత జరుగునో తెలుపు సూత్రమును రచించిరి. ఆ సూత్రములో నొక ముఖ్యవిషయము దాగియున్నది. ధ్రువితమైన గామాకిరణము తన కంపనపు దిక్కునకు లంబముగా ఎక్కువగా చెదరును. కంపనపు దిక్కుననే చెదరుట తక్కువ. అనగా పడుగుగా కంపించునది పేకవైపునకు మరలును. 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల గామాకిరణము 90 డిగ్రీల కోణమున చెదరునప్పుడు, లంబదిశకు పోవునవి సమాంతరదిశకు పోవువానికి అయిదింతలు. శక్తి పెరిగినకొలది ఈ భేదము తగ్గును. 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకడ అది రెండింతలను ఏ కొంచెమో మించును. కావున కిరణమునకు అడ్డముగా చెదరగొట్టు వస్తువు నొకదానిని ఉంచి, దానికి రెండువైపుల రెండు శోధకములను అమర్చి, ఏ వైపున ఎన్ని వచ్చినవో లెక్కించినచో ధ్రువణము తెలియును. చూచుటకు సులభమే. చేయుటకు మాత్రము సులభము కాదు.

దీనికై యింత ప్రయాస మెందుకని అడుగుట న్యాయము. పరమాణు కేంద్రకము ఉత్తేజితమైనప్పుడు గామాకిరణమును విడిచి క్రిందిస్థితికి దిగును. ఆ కిరణము ఏ కోణమున ఎంత మోతాదున వచ్చుచున్నదో కొలిచినచో, కేంద్రకముయొక్క కోణీయ సంవేగము ఎంత మారినదో తెలియును. కాని కోణమొక్కటే కొలిచిన శాస్త్రజ్ఞునికి సగము సత్యమే దొరకును. ఆ కిరణము విద్యుజ్జాతికి చెందినదా, అయస్కాంతజాతికి చెందినదా యని కోణము చెప్పదు. రెంటికిని కోణములలోని పంపిణీ ఒకటే. కేంద్రకస్థితికి సమత యను గుణ మొకటి కలదు. దిక్కులన్నిటిని అద్దములోవలె తిరుగవేసినప్పుడు ఆ స్థితిని వర్ణించు తరంగముయొక్క గుర్తు మారునా, మారదా యనుటయే సమత. కోణీయ సంవేగపు మార్పు తెలిసియున్నప్పుడు, కిరణపు జాతి తెలిసినగాని సమత తెలియదు. ధ్రువణము కొలిచినగాని జాతి తెలియదు. కేంద్రక నిర్మాణమును గూర్చి యెన్ని సిద్ధాంతములు చెప్పినను, స్థితుల సమత తప్పుగా గుర్తించినచో సిద్ధాంతము వేఱు త్రోవ పట్టును. ఈ మాపనము అలంకారము కాదు, అవసరము.

1948లో హామిల్టన్ ఒకదాని వెంట నొకటి వెలువడు రెండు గామాకిరణముల దిశాధ్రువణ సంబంధమునకు సిద్ధాంతము చెప్పెను. ఆ కాలముననే మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున మార్టిన్ డాయిచ్, ఫ్రాంజ్ మెట్‌జ్గరు దానిని ప్రయోగములో చూపిరి. కోబాల్టు 60 వంటి మూలకములనుండి వచ్చు జంటకిరణములలో ఒకదాని దిక్కును, రెండవదాని ధ్రువణమును కలిపి కొలిచిరి. వారి పూర్తి పత్రము 1950లో వెలువడినది. ఆ యేటి ప్రారంభముననే కొలంబియా విశ్వవిద్యాలయమునందు చియెన్ షియుంగ్ వూ, షాక్నోవ్ అను నిరువురు, ఎలక్ట్రాను పాజిట్రాను కలిసి నశించినప్పుడు పుట్టు రెండు గామాకిరణముల ధ్రువణములు పరస్పరము లంబముగా నుండునని నిరూపించిరి. వారి యమరికకు సిద్ధాంతము చెప్పిన నిష్పత్తి 2.00, వారు కొలిచినది 2.04. ఆ దినములలో శోధకములు స్ఫటికములు. కిరణము తాకినప్పుడు స్ఫటికము మినుకుమనును. ఆ మినుకును విద్యుత్స్పందనముగా మార్చి లెక్కించెదరు.

వాల్తేరు కథ ఇచ్చట మరల ప్రవేశించును. దానికి నాయకులు స్వామి జ్ఞానానంద. పూర్వాశ్రమమున వారు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో జన్మించిరి. హిమాలయములందు ఏండ్లకొలది సాధనచేసి, 1927లో జర్మనీ వెళ్లిరి. యోగమును గూర్చి ఉపన్యసించుచునే భౌతికశాస్త్రమువైపు మరలిరి. ప్రాగు నగరమున ఎక్స్‌కిరణ వర్ణపటముల శాస్త్రము నభ్యసించి, పిదప లివర్‌పూలులో, న్యూట్రానును కనుగొన్న జేమ్స్ చాడ్విక్ కడ బీటాకిరణములపై పరిశోధించిరి. అమెరికాలోను కొంతకాలముండి, అధిక శూన్యమును గూర్చి యొక గ్రంథము వ్రాసిరి. అది 1947లో అచ్చయినది. స్వదేశమునకు మరలి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1954లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. 1956లో అచ్చట కేంద్రక భౌతికశాస్త్రశాఖ వేఱుగా ఏర్పడినది. స్వామివారు 1969లో పరమపదించిరి. ఆ ప్రయోగశాల నేటికిని వారి పేరుతోనే పిలువబడుచున్నది.

కాషాయము ధరించిన యొక సన్యాసి రేడియోధార్మిక పదార్థముల నడుమ నిలుచుట చూపరులకు వింతగా తోచియుండును. విద్యార్థులకు మాత్రము ఆయన గుఱుతుండినది వింతవలన కాదు. శూన్యమును సాధించుట, వర్ణపటమాపకమును అమర్చుట, మూలపదార్థమును పలుచని పొరగా సిద్ధము చేయుట, ఇట్టి చేతిపనులయందే ఆ శాఖ పేరు నిలిచినది. బీటా, గామాకిరణముల వర్ణపటములు, ఒకదాని వెంట నొకటి వచ్చు కిరణముల కోణీయ సంబంధములు, అణువు లోపలి పొరలోని ఎలక్ట్రానులచే గామాకిరణములు చెదరుట, ఇవి 1950లు, 1960లలో అచ్చటి పరిశోధనాంశములు. కాంప్టన్ చెదరుటయే ధ్రువణమాపకమునకు పునాది గనుక, ఆ విద్యలో చేయితిరిగిన వారికి ధ్రువణమాపనము పొరుగింటి పని.

ఇట్టి సంచికలలో అతిశయము సులభముగా చొరబడును. కావున ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. గామాకిరణ ధ్రువణమాపనమును కనిపెట్టినది వాల్తేరు కాదు. ఆ కాలమున దేశములో ప్రయోగశాలలకు దొరకిన సాధనములు స్ఫటికశోధకములు, రేడియోధార్మిక మూలములు. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించిన తరువాతనే ఆ మూలములు స్వదేశమున తయారగుటకు త్రోవ ఏర్పడినది. కొద్దిపాటి సాధనములతో చేయదగిన పనిని ఎంచుకొని, దానిని పట్టు విడువక చేయుట ఆ శాఖ విశేషము. మనవారు తొలివారు కారనుట లోపమును చాటుట కాదు. తొలిపని ఎచ్చట జరిగినదో తెలిసినగాని, మనపని విలువ కట్టుట సాధ్యము కాదు.

సోడియము అయొడైడు స్ఫటికమునకు ఒక పెద్దలోపము కలదు. దాని చూపు మందము. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణమును అది ఇంచుమించు 45 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పుగల మెట్టగా చూపును. ఆ వెడల్పులో నాలుగైదు వేర్వేరు కిరణములు దాగియుండవచ్చును. ఒకదాని ధ్రువణమును కొలుచుచున్నామనుకొని మూడింటి మిశ్రమమును కొలుచు ప్రమాదము ఎల్లప్పుడు నుండెడిది. అర్ధవాహకములు ఈ చిక్కును తీర్చినవి. జర్మేనియము స్ఫటికములో గామాకిరణము తన శక్తిని విడిచినప్పుడు, సుమారు 3 ఎలక్ట్రాన్ వోల్టులకు ఒక్కటి చొప్పున ఆవేశముల జంట పుట్టును. 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు రెండులక్షలకు పైగా జంటలు. ఎంత ఎక్కువ సంఖ్యలో లెక్కింతుమో అంత నిక్కముగా లెక్కవచ్చునను సామాన్యసూత్రము ఇచ్చటను పనిచేయును. పాతస్ఫటికములో మెట్టగా కనబడినది జర్మేనియములో సూదిమొనవలె నిలుచును.

1960లో పెల్ అను శాస్త్రజ్ఞుడు అర్ధవాహకములోనికి లిథియమును చొప్పించు పద్ధతిని చెప్పెను. 1962, 1963లలో ఆ పద్ధతితో జర్మేనియము శోధకములు తయారైనవి. కెనడాలోని చాక్ రివరు ప్రయోగశాలలో టావెండేల్, యూయన్ చేసిన పని అందు ప్రసిద్ధము. అదే కెనడా శాస్త్రజ్ఞులు 1969, 1970 ప్రాంతమున మఱొక మెట్టెక్కిరి. చెదరగొట్టు వస్తువు వేఱు, పట్టుకొను శోధకము వేఱు ననవసరము లేకుండ, పలుచని పలకగా కోసిన ఒక్క జర్మేనియము తునకనే ధ్రువణమాపకముగా వాడిరి. కిరణము పలక పొడవున చెదరినచో లోపలనే చిక్కును. మందమువైపు చెదరినచో బయటికి జారిపోవును. పలకను 90 డిగ్రీలు త్రిప్పి రెండుమార్లు లెక్కించినచో భేదము తెలియును. ఎంతటి సరళమైన యూహ!

ఈ శోధకములను పోషించుట మాత్రము సరళము కాదు. జర్మేనియమును ద్రవనైట్రోజనుతో ఇంచుమించు సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో నుంచవలెను. లిథియము చొప్పించిన శోధకమైనచో, పనిలేని దినములందును ఆ చలి తప్పరాదు. వెచ్చబడినచో లిథియము కదలిపోయి శోధకము పాడగును. దేవాలయమున నిత్యనైవేద్యమువలె నైట్రోజను పోయుట మానరాదు. 1970లలో మిక్కిలి శుద్ధమైన జర్మేనియమును పెంచు విద్య వచ్చినపిదప ఈ నిర్బంధము సడలినది. శుద్ధ జర్మేనియము శోధకమును పనిలేనప్పుడు వెచ్చబడనీయవచ్చును. వేసవిలో మండు తెలుగు ప్రాంతములలోని చిన్న ప్రయోగశాలలకు ఈ మార్పు ఎంతటి మేలో వేఱుగా చెప్పనక్కఱలేదు.

తరువాతి మలుపు 1990లలో ఐరోపాలో వచ్చినది. నాలుగు జర్మేనియము స్ఫటికములను నాలుగాకుల కసవువలె దగ్గఱగా చేర్చి, ఒకే చలిపాత్రలో అమర్చిరి. ఒక్కొక్క స్ఫటికము 50 మిల్లీమీటర్ల వ్యాసము, 70 మిల్లీమీటర్ల పొడవు. దానికి క్లోవరు అని పేరు. ఒక స్ఫటికములో చెదరిన కిరణము ప్రక్కదానిలో పట్టుపడినచో, ఏ ప్రక్కకు పోయినదో తెలియును: అడ్డముగానా, నిలువుగానా. శోధకమును త్రిప్పనక్కఱలేదు, ఒకేసారి రెండు దిక్కులును లెక్కకు వచ్చును. 1995లో దీని ధ్రువణమాపన సామర్థ్యమును పరీక్షించి ప్రకటించిరి. వేగవర్ధక యంత్రమునుండి వచ్చు అయానుల ధార లక్ష్యమును తాకినప్పుడు కేంద్రకములు ఒక దిక్కుననుసరించి వరుసదీరును. ఆ ధారకు 90 డిగ్రీల కోణమున క్లోవరును నిలిపిన, లంబముగా చెదరినవి అధికమైనచో కిరణము విద్యుజ్జాతి, సమాంతరముగా చెదరినవి అధికమైనచో అయస్కాంతజాతి. కోణీయ సంవేగము పూర్తిమోతాదున మారు సందర్భములకే ఈ నియమము చెల్లును. స్ఫటికములలో సహజముగా నుండు చిన్న హెచ్చుతగ్గులను సవరించుటకు, ముందుగా యూరోపియము 152 వంటి ధ్రువణము లేని మూలముతో రెండు దిక్కులను సరిచూతురు. తూకము వేయుటకు ముందు త్రాసును సరిచూచుకొనుటవంటిదే యిది.

భారతదేశమున ఈ శోధకములతో ఏర్పడినది భారత జాతీయ గామా శోధకశ్రేణి. ఇరువదినాలుగు క్లోవరుల వరకు అమర్చుకొనగల ఈ శ్రేణి ఒక్కచోట స్థిరముగా నుండక, ముంబయి, ఢిల్లీ, కలకత్తాలలోని వేగవర్ధకములకడకు వంతులవారీగా తరలును. ధ్రువణము కొలిచి సమతను నిర్ణయించుట అచ్చట నిత్యకృత్యమైనది. పెద్ద యంత్రము లేని విశ్వవిద్యాలయముల వారును వంతు కోరి, కొన్నిదినములు ధారను పొంది, లెక్కలను మూటగట్టుకొని మరలి, తమ యూరిలో నెలలకొలది విడదీయుచుందురు. పెద్ద యంత్రము ప్రతి విశ్వవిద్యాలయమునందు నుండనక్కఱలేదని, ఉన్నదానిని పంచుకొను ఏర్పాటు ముఖ్యమని ఈ శ్రేణి చూపినది. ఆ మూడు నగరములలో నొకటియు తెలుగునాట లేదనుట నిజమే. తెలుగు విద్యార్థి వంతుకై రైలెక్కవలసినదే.

అర్ధవాహకములతో ధ్రువణమాపనమునకు సంబంధించిన పరికర మొకటి తెలుగునేలనుండియే పైకి లేచినది. తిరుత్తణికి ఈశాన్యమున, ఇంచుమించు నూఱు కిలోమీటర్ల లోపున, శ్రీహరికోట కలదు. అచ్చటినుండి 2015 సెప్టెంబరు 28వ తేదీన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై ఆకాశమున కెగసినది. అందలి సాధనములలో నొకటి కాడ్మియము, జింకు, టెల్యూరియము కలిసిన అర్ధవాహకముతో చేసినది. దీనికి ద్రవనైట్రోజను అవసరము లేదు. 64 పలకలు, ఒక్కొక్కదానియందు 256 గళ్లు, మొత్తము 16,384 గళ్లు. ఒక్కొక్క గడి ఇంచుమించు 2.5 మిల్లీమీటర్ల చదరము. పలక మందము 5 మిల్లీమీటర్లు. అది మొదట ఉద్దేశింపబడినది ఆకాశమును చిత్రించుటకు. కాని 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన కిరణము ఒక గడిలో చెదరి ప్రక్కగడిలో చిక్కుచుండును. వాల్తేరులో శిష్యులు అభ్యసించిన కాంప్టన్ చెదరుటయే యిది. క్లోవరులో నాలుగు స్ఫటికములు చేసిన పనిని ఇచ్చట గళ్లు చేయును. నేతగాడు గళ్లబట్టలో పడుగు పేకలను లెక్కించినట్లు, ప్రక్కగళ్లలో ఎటువైపున ఎన్ని పడినవో లెక్కించిరి.

ఉపగ్రహమును పంపుటకు ముందే నేలమీద ధ్రువితకిరణములతోను, ధ్రువణము లేని కిరణములతోను దీనిని పరీక్షించియుండిరి. కావుననే తరువాతి లెక్కకు విశ్వాసము కలిగినది. పీతనీహారిక యనబడు వస్తువు, 1054లో చీనా జ్యోతిష్కులు చూచిన నక్షత్రవిస్ఫోటముయొక్క శేషము. దాని నడుమ పల్సారు అనబడు నక్షత్రశేషము సెకనుకు ముప్పదిమార్లు తిరుగుచున్నది. పదునెనిమిది నెలల కాలములో మార్లు మార్లు దానివైపు చూచి, 2017లో ఫలితమును ప్రకటించిరి. 100 మొదలు 380 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వరకు గల కిరణములలో నూటికి సుమారు 33 వంతులు ధ్రువణము కలదు. పల్సారు వెలుగు మనవైపు తళుక్కుమను క్షణముల నడుమ, వెలుగు తగ్గియుండు విరామములోనే, ధ్రువణము వేగముగా మారుచున్నట్లు కనబడినది. తళుకు లేనిచో మార్పు ఏల కలుగవలెనో అప్పటి సిద్ధాంతములు చక్కగా చెప్పజాలకపోయినవి.